ఐదు స్వరాల క్రిస్మస్

పిల్లల చేత పాడించే పాటకు పేరుప్రఖ్యాతులు ఉండనక్కర్లేదు. వాళ్ల గొంతుకు అందాలి, చెవికి నిలవాలి. ఐదు స్వరాల చిన్న పాటలకు డిసెంబరులో పెద్దపీట ఎందుకు వేయాలో చెబుతోంది ఈవారం ముఖచిత్ర కథనం.

ఏడాది పొడవునా సంగీతం పీరియడే లేని బడిలో కూడా డిసెంబరు వచ్చిందంటే పాట వినిపిస్తుంది. సెమీ క్రిస్మస్‌కు కొన్ని వారాల ముందే ప్రాక్టీసు మొదలవుతుంది. సండే స్కూల్లో చిన్నపిల్లలకో పాట, పెద్దపిల్లలకో పాట పంచుతారు. అమెరికాలోని ప్రాథమిక పాఠశాలల్లో డిసెంబరు కచేరీ అంటే సంగీతం టీచరుకు ఊపిరాడని పని. అక్కడ చదువుకునే తెలుగు పిల్లలూ ఆ వరసల్లో నిలబడి పాడుతుంటారు. చాలామంది పిల్లలకు ఒకే పాటను అన్నిసార్లు పాడే సందర్భం ఏడాదిలో మరొకటి ఉండదు. అన్నిసార్లు పాడింది గొంతులో పాతుకుపోతుంది. శ్రుతిలో పాడితే శ్రుతి, అరిచి పాడితే అరుపు. కాబట్టి పాట ఎంపిక కార్యక్రమ నిర్వహణకు సంబంధించిన చిన్న పని కాదు, అది సంగీత బోధనలో తీసుకునే పెద్ద నిర్ణయం. మామూలుగా ఆ నిర్ణయాన్ని పాటకున్న పేరు, దొరికిన ట్రాక్, వేదిక మీద కనిపించే హంగు చేసేస్తున్నాయి. పిల్లల చెవి, గొంతు ఆ లెక్కలోకి రావడం లేదు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు క్రిస్మస్ పాట నేర్పేటప్పుడు ముందుగా ఐదు స్వరాల పాటల్లో వెతకాలని, పెద్ద క్యారల్స్‌ను ఆ తర్వాతి మెట్టుగా ఉంచాలని నా వాదన. ఇది పిల్లల స్థాయిని తక్కువ చేసి చూడటం కాదు. వాళ్ల చెవిని పూర్తిగా నమ్మి, దానికి పట్టు దొరికే చోటు నుంచి మొదలుపెట్టడం.

పెద్దల గొంతులకు పుట్టిన బాణీలు

అందరికీ తెలిసిన రెండు పాటలను కాస్త దగ్గరగా చూద్దాం. ‘సైలెంట్ నైట్’ 1818 డిసెంబరు 24న ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డార్ఫ్‌లో తొలిసారి వినిపించింది. మాటలు రాసిన యువ ఫాదర్ జోసెఫ్ మోర్, బాణీ కట్టిన ఫ్రాంజ్ గ్రూబర్ ఇద్దరూ గిటార్ తోడుగా పాడారు. అంటే ఆ బాణీ వయసొచ్చిన ఇద్దరు మగవాళ్ల గొంతుల్లో పుట్టింది. ఇవాళ మనం పాడుతున్న రూపంలో దాని పరిధి కొలిస్తే అడుగున మధ్య షడ్జం, పైన తారస్థాయి మధ్యమం ఉంటాయి. మొత్తం పదకొండు మెట్లు. ఆరేడేళ్ల పిల్లల గొంతు హాయిగా తిరిగేది ఐదారు మెట్ల మధ్యనే. అందుకే పాట సగం దాటి బాణీ పైకెగసే చోటికి వచ్చేసరికి కొందరు పిల్లలు అరుస్తారు, కొందరు కింది స్థాయికి జారిపోతారు, మిగతావాళ్లు పెదవులు కదిపి ఊరుకుంటారు. తప్పు వాళ్లది కాదు, కొలత కుదరని పాటది.

‘జాయ్ టు ద వరల్డ్’కు మాటలు ఐజాక్ వాట్స్ 1719లో ప్రచురించినవి. ఇప్పుడు అందరూ పాడే బాణీకి రూపమిచ్చింది లోవెల్ మేసన్. 1838లో బోస్టన్ ప్రభుత్వ బడుల్లో సంగీతాన్ని పాఠ్యాంశంగా చేర్పించిన మనిషి ఆయనే. అయినా ఈ బాణీ కొలతలు బడి పిల్లలవి కావు, ప్రార్థనకు కూడిన సంఘమంతటివి. మొదటి పాదంలోనే తార షడ్జం నుంచి మధ్య షడ్జం దాకా శంకరాభరణం అవరోహణ మొత్తం దిగిపోతుంది. ఎనిమిది మెట్లు, ఒకదాని వెంట ఒకటి. అందులో తార షడ్జం నుంచి నిషాదానికి, మధ్యమం నుంచి గాంధారానికి దిగే చోట్ల మెట్లు మరీ ఇరుకు. సాధన ఉన్న గొంతు వాటిని తేలిగ్గా దాటేస్తుంది. ఇప్పుడిప్పుడే పాడుతున్న గొంతు అక్కడే జారుతుంది. రెండూ గొప్ప పాటలే, ఆ గొప్పతనాన్ని ఎవరూ తగ్గించనక్కర్లేదు. గొప్ప పాటలన్నీ మొదటి పాఠానికి పనికిరావు అన్నంత వరకే ఇక్కడి మాట.

ఇరవై ఒక్క జతల లెక్క

ఐదు స్వరాలు ఎందుకు తేలికో చిన్న లెక్క చెబుతుంది. పాశ్చాత్యులు మేజర్ స్కేల్ అనే వరస మన శంకరాభరణం స్వరాలే. ఆ ఏడు స్వరాలను రెండేసి చొప్పున జత చేస్తే 21 జతలు వస్తాయి. పిల్లలను ప్రధానంగా ఇబ్బంది పెట్టేవి అందులో మూడే. గాంధారం–మధ్యమం, నిషాదం–షడ్జం అనే రెండు జతల మధ్య దూరం అర్ధస్వరం మాత్రమే. మూడోది మధ్యమం–నిషాదం. వాటి మధ్య మూడు పూర్తి స్వరాల దూరం ఉంటుంది. పాశ్చాత్య సంగీతంలో దాన్ని ట్రైటోన్ అంటారు, పట్టి పాడటం కష్టమని పేరుపడ్డ దూరం అది. ఈ మూడు జతల్లోనూ మధ్యమమో నిషాదమో ఉంది. ఆ రెండింటినీ పక్కన పెడితే స, రి, గ, ప, ద మిగులుతాయి. వాటితో పది జతలు కట్టవచ్చు. ఆ పదింటిలో ఒక్కచోట కూడా అర్ధస్వరం రాదు, ట్రైటోన్ రాదు. పాశ్చాత్యులు పెంటాటోనిక్ అనే ఈ వరస మనకు కొత్తది కాదు, మోహన రాగపు ఆరోహణావరోహణలు ఇవే. హార్మోనియం మీద నల్లమెట్లు మాత్రమే వాయించినా ఇదే వరస పలుకుతుంది.

ఈ లెక్క తరగతి గదిలో మూడు రకాలుగా ఫలిస్తుంది. మొదటిది, స్వరాల మధ్య ఎడం ఎక్కువ కాబట్టి ఒక స్వరానికీ పక్కదానికీ తేడా చెవికి స్పష్టంగా తెలుస్తుంది. తేడా తెలిసిన పిల్ల తన గొంతును తానే సరిదిద్దుకోగలదు. రెండోది, ఏ రెండు స్వరాలు కలిసి మోగినా కర్ణకఠోరంగా ఉండదు. సగం మంది పాట పాడుతుంటే మిగతా సగం రెండు స్వరాల చిన్న వరసను మళ్లీ మళ్లీ పాడుతూ తోడు రావచ్చు. హార్మొనీ తెలియని పిల్లలకు కలిసి పాడటంలోని నిండుదనం అలా తెలిసొస్తుంది. మూడోది, పిల్లలు సొంతంగా రెండు ముక్కలు అల్లి పాడినా వినసొంపుగానే ఉంటుంది. జర్మన్ స్వరకర్త కార్ల్ ఓర్ఫ్ తన బోధనను ఈ ఆధారం మీదే నిలబెట్టాడు. గునిల్డ్ కీట్‌మన్‌తో కలిసి ఆయన 1950 నుంచి వెలువరించిన ‘పిల్లల కోసం సంగీతం’ సంపుటాల్లో మొదటిదంతా ఐదు స్వరాల పరిధిలోనే నడుస్తుంది. ఆ పద్ధతిలో వాడే చిన్న జైలోఫోన్ల పలకలను తీసి పెట్టవచ్చు. టీచరు మధ్యమం, నిషాదం పలకలు తీసేసి వాద్యాన్ని పిల్లల చేతికిస్తే మిగిలినవి ఎలా మోగించినా తప్పు పలకదు. తప్పు చేస్తానన్న భయం లేని చోట పిల్లలు ధైర్యంగా వింటారు, ధైర్యంగా పాడతారు.

హంగరీ పాఠం, సెయింట్ హెలీనా పాట

ఈ ఆలోచనను ఒక దేశపు బడుల దాకా తీసుకెళ్లినవాడు హంగరీ స్వరకర్త జోల్తాన్ కొదాయ్ (1882–1967). బేలా బార్టోక్‌తో పాటు పల్లెలు తిరిగి జానపద గీతాలు సేకరించినప్పుడు, వాటిలో పాత పొరకు చెందిన పాటలు ఐదు స్వరాల మీద నడుస్తున్నాయని ఆయన గమనించాడు. బడుల్లో పిల్లలకు నాసిరకం పాటలు నేర్పుతున్నారని 1929లో ఘాటుగా రాశాడు. పిల్లలకు ఇచ్చే సంగీతం ఉత్తమమైనదే కావాలన్నది ఆయన పట్టుదల. 1940ల్లో ఐదు స్వరాల పాఠాలను నాలుగు సంపుటాలుగా ప్రచురించాడు. 1950లో ఆయన పుట్టిన ఊరు కెచ్‌కెమేత్‌లో రోజూ సంగీతం నేర్పే ప్రాథమిక పాఠశాల మొదలైంది. ఆయన మార్గంలో నడిచే టీచర్లు సాధారణంగా పంచమం, గాంధారంతో మొదలుపెట్టి ధైవతం, షడ్జం, రిషభం చేరుస్తూ వెళ్తారు. మధ్యమం, నిషాదం ఆ తర్వాతే వస్తాయి.

కొదాయ్ చెప్పింది హంగరీ పాటలను లోకమంతా పాడమని కాదు. ఏ దేశపు పిల్లలు ఆ దేశపు మంచి జానపద గీతాలతో మొదలుపెట్టాలన్నాడు. అమెరికన్ టీచర్లు ఆ మాట పట్టుకుని తమ నేలలో వెతికితే దొరికిన నిధి ఆఫ్రికన్ అమెరికన్ల భక్తి గీతాలైన స్పిరిచువల్స్. సౌత్ కరొలైనా తీరంలోని సెయింట్ హెలీనా దీవితో ముడిపడిన ‘మేరీ హ్యాడ్ ఎ బేబీ’ వాటిలో ఒకటి. బానిసత్వం అనుభవించిన జనం గొంతుల్లోంచి వచ్చిన పాట అది. నాయకుడు ఒక పాదం అంటాడు, జనం రెండు మాటల్లో బదులిస్తారు. నాయకుడి పాదం మారుతూ పోతుంది, బదులు మాత్రం అలాగే వస్తుంటుంది. నాలుగేళ్ల పిల్ల కూడా ఆ బదులు పట్టుకోగలదు, ఎనిమిదేళ్ల పిల్లవాడు నాయకుడి పాదం అందుకోగలడు. ఒకే పాటలో ఇద్దరికీ పని దొరుకుతుంది. రూత్ క్రాఫర్డ్ సీగర్ 1953లో ప్రచురించిన అమెరికన్ జానపద క్రిస్మస్ పాటల సంకలనం ఇలాంటి పాటలను చాలా ఇళ్లకు, బడులకు చేర్చింది.

భక్తి ప్రస్తావన లేని పాట కావాలనుకుంటే 19వ శతాబ్దపు అమెరికా పాట ‘జాలీ ఓల్డ్ సెయింట్ నికొలస్’ ఉంది. దాని బాణీ గాంధారం మీద మొదలై అదే స్వరాన్ని పట్టుకుని నిలుస్తుంది, తర్వాత రిషభానికి, షడ్జానికి ఒక్కో మెట్టే దిగుతుంది. అక్కడి నుంచి మంద్ర ధైవతం, పంచమం తాకి మళ్లీ పైకి వస్తుంది. అడుగున మంద్ర పంచమం, పైన మధ్య గాంధారం. ఆరు మెట్ల వెడల్పు, అందులో వినిపించేవి ఐదు స్వరాలే. చాలాచోట్ల ఒకే స్వరం నాలుగేసి, మూడేసి సార్లు వరసగా రావడం వల్ల పిల్లలకు దాన్ని విని, సరిచూసుకుని, కుదురుకునే వ్యవధి దొరుకుతుంది. లయ కూడా ఒకటి, అర, రెండు మాత్రల్లోనే సాగుతుంది. రాత నేర్పాలనుకునే టీచరుకు ఆ పాట మొత్తం నల్లబల్ల మీద పట్టేస్తుంది.

ఎవరో ఇచ్చిన జాబితాను మాత్రం గుడ్డిగా నమ్మకూడదు. ‘గో టెల్ ఇట్ ఆన్ ద మౌంటెన్’ను చాలామంది ఐదు స్వరాల పాటగా లెక్కేస్తారు. బాగా ప్రచారంలో ఉన్న రూపంలో పల్లవి ఆఖరి పాదానికి వచ్చేసరికి మధ్యమం పలుకుతుంది. పాటను పక్కన పెట్టడానికి ఇది కారణం కాదు, ఏ తరగతికి ఇవ్వాలో నిర్ణయించుకోవడానికి కారణం. టీచరు పాటను స్వరాల్లో ఒకసారి పాడుకుని చూసుకుంటే చాలు. ఏ స్వరాలు వస్తున్నాయి, కొసకు కొసకు ఎన్ని మెట్లు, ఎక్కడ గెంతుతోంది, ఏ ముక్క మళ్లీ వస్తోంది అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది. ఐదు స్వరాలే ఉన్నా పరిధి విశాలమైతే, మాటలు నోరు తిరగనివైతే ఆ పాట చిన్నపిల్లలకు బరువే అవుతుంది.

మాయామాళవగౌళ మాటేమిటి?

తెలుగు పాఠకుడి నుంచి రాదగిన గట్టి అభ్యంతరం ఒకటుంది. మన సంప్రదాయంలో పిల్లలు మొదలుపెట్టేదే మాయామాళవగౌళలో. స్థాయిలో నాలుగు చోట్ల అర్ధస్వరాలున్న రాగమది. పురందరదాసు పేరుతో తరతరాలుగా వస్తున్న ఆ సరళీస్వరాలతో లక్షలమంది పిల్లలు చక్కగా నేర్చుకోలేదా? నేర్చుకున్నారు, ఇప్పటికీ నేర్చుకుంటున్నారు. ఆ చదువు ఎలా సాగుతుందో కూడా చూడాలి. ఎదురుగా గురువు, పక్కన శ్రుతి, నలుగురైదుగురు పిల్లలు, నెలల తరబడి సాధన. స్వరాలు వరస తప్పకుండా ఎక్కి దిగుతాయి. ఇరుకు మెట్టు వచ్చిన ప్రతిసారీ సరిదిద్దే మనిషి దగ్గరే ఉంటాడు. నలభై మంది ఉన్న తరగతికి, వారానికొక పీరియడ్‌కు, డిసెంబరు ప్రాక్టీసుకు ఆ వసతి లేదు. పైగా అదే సంప్రదాయం స్వరాభ్యాసం దాటి పాట దగ్గరికి రాగానే బరువు తగ్గిస్తుంది. తొలి గీతాల రాగమైన మలహరిలో ఆరోహణకు ఐదే స్వరాలు. అర్ధస్వరాలు అందులోనూ ఉన్నాయి కానీ పిల్లలు మోయాల్సిన స్వరాల సంఖ్య తగ్గింది. ఆ వెంటే నేర్పే గీతాల్లో మోహన రాగంలోది ఒకటి. స్వరాభ్యాసానికి ఒక క్రమం, పాటకు మరో క్రమం అన్న వివేకం మన పెద్దల దగ్గర ముందే ఉంది.

ఐదు స్వరాలతో సంగీతం పేదదైపోదా అన్నది రెండో ప్రశ్న. త్యాగరాజు ‘నను పాలింప’ కట్టింది మోహనంలోనే. మహా విద్వాంసులు గంటసేపు ఆలపించినా తరగని రాగమది. పేదరికం స్వరాల సంఖ్యలో ఉండదు, వాటిని వాడే తీరులో ఉంటుంది. ఐదు స్వరాల దగ్గరే ఆగిపోమని ఎవరూ అనడం లేదు. బిలహరి ఆరోహణలో మోహనం స్వరాలే ఉంటాయి, అవరోహణలో నిషాద మధ్యమాలు వచ్చి చేరతాయి. తెలిసిన ఐదింటి మీద నిలబడి కొత్త రెండింటిని అందుకునే దారి అది. క్రిస్మస్ పాటల్లో ఆ పనికి ‘జింగిల్ బెల్స్’ పల్లవి చక్కగా ఉపయోగపడుతుంది. 1857 నాటి ఆ పాటలో మొదటి పాదం స, రి, గ, ప స్వరాలతోనే నడుస్తుంది. రెండో పాదం మొదలవుతూనే మధ్యమం పదేపదే పలికి గాంధారం మీద వాలుతుంది. కొత్త స్వరాన్ని పరిచయం చేయడానికి ఇంతకన్నా అనువైన చోటు దొరకడం కష్టం.

పిల్లలు పెద్ద క్యారల్స్ పాడాలని ముచ్చటపడతారు కదా అన్న మాటలోనూ న్యాయం ఉంది. ఆ ముచ్చట తీర్చవచ్చు. ‘సైలెంట్ నైట్’ మొదటి పాదంలో వినిపించేవి పంచమం, ధైవతం, గాంధారం మూడే. చిన్నపిల్లలు మొట్టమొదట నేర్చుకునే మూడు స్వరాలు కొదాయ్ మార్గంలోనూ ఇవే. ఆ పాదాన్ని పిల్లలకిచ్చి, మిగతా పాటను పెద్దల క్వాయర్ అందుకుంటే పిల్లల గొంతు దెబ్బతినదు, పాటకూ లోటు రాదు. పంచమ గాంధారాలే లోకంలోని పిల్లలందరి సహజ స్వరాలన్న మాటను కొందరు సంగీత విద్యా పరిశోధకులు ఒప్పుకోరు. ఒప్పుకోకపోయినా ఈ వాదనకు ఢోకా లేదు. ఇది నిలబడింది విశ్వజనీనత మీద కాదు, 21 జతల లెక్క మీద.

ఇక మతం విషయం. రకరకాల ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలున్న బడిలో భక్తి పాట పాడించే ముందు తల్లిదండ్రులకు చెప్పాలి, పాడనన్న పిల్లవాణ్ని బలవంతపెట్టకూడదు. సాంటా తాత పాటలు అక్కడ పనికొస్తాయి. స్పిరిచువల్ నేర్పేటప్పుడు దాని పుట్టుక దాచకూడదు. ఎవరు పాడారో, ఎలాంటి బతుకు బతుకుతూ పాడారో వయసుకు తగ్గట్టు చెప్పాలి. బాణీ తేలికగా ఉందని తీసుకుని, ఆ జనం కథను వదిలేయడం వాళ్లకు అన్యాయం చేయడమే.

మన పాటల్లోనూ వెతుకుదాం

తెలుగు సండే స్కూలుకు ఈ వెతుకులాట ఇంట్లోనే మొదలుకావచ్చు. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి వాగ్గేయకారుల పాటలను పొదువుకున్న ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో కీర్తనల పైన రాగం, తాళం ముద్రించి ఉంటాయి. టీచరు ఆ పేర్లు చూస్తూ మోహనం దగ్గర ఆగవచ్చు. సంఘాల్లో పాడగా పాడగా బాణీలు మారుతుంటాయి కాబట్టి పుస్తకంలోని పేరుతో సరిపెట్టుకోకుండా పాడి, స్వరాలు చూసుకోవాలి. కీర్తన మొత్తం బరువనిపిస్తే పల్లవి ఒక్కటే పిల్లలకు ఇవ్వవచ్చు. పాట కట్టడంలో చేయి తిరిగిన టీచర్లు మోహనంలో నాలుగు పాదాల కొత్త పాట కట్టినా మంచిదే. జనన వృత్తాంతంలో గొల్లలున్నారు, నక్షత్రముంది, పశువుల తొట్టి ఉంది. పిల్లలకు అర్థమయ్యే తేట తెలుగులో, ఆరు మెట్ల పరిధిలో, బదులు పలికే ముక్క ఒకటి పెట్టి రాస్తే ఆ సంఘానికి ఏటేటా పనికొచ్చే పాట అవుతుంది.

ఈ డిసెంబరుకు పెద్ద మార్పులేమీ అక్కర్లేదు. అనుకున్న కార్యక్రమంలో చిన్నపిల్లల వంతుకు ఐదు స్వరాల పాట ఒకటి చేర్చండి. మొదట ట్రాక్ లేకుండా, మైక్ లేకుండా, వాళ్ల గొంతుకు కుదిరే శ్రుతిలో నేర్పండి. పెద్ద క్యారల్‌లో వాళ్లకు అందే పాదం ఒక్కటే వాళ్లకివ్వండి. ఫలితాన్ని వేదిక మీది చప్పట్లతో కొలవకండి. పండగ అయిపోయాక జనవరిలో ఏ పిల్లనైనా పిలిచి, ఏ వాద్యమూ లేకుండా ఆ పాట ఒక్కతే పాడమనండి. మొదలుపెట్టిన శ్రుతిలోనే ముగిస్తే ఆ పిల్లకు సంగీతం వచ్చినట్టే. మధ్యమం, నిషాదం వచ్చే ఏడు నేర్పుకోవచ్చు.